తోట కాపలా ఉద్యోగంతో ఇచ్చిన ఇల్లు: పదిహేను రోజుల్లో ఖాళీ చేయమంటున్నారు, మాకు ఏ హక్కులున్నాయి?

గౌతమి తీరం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ముమ్మిడివరం వైపు ఒక గ్రామం. మా నాన్నగారు 2009 నుంచి ఒక కొబ్బరి తోటకూ, ఆ తోటలోనే ఉన్న పాత మండువా ఇంటికీ కాపలాదారుగా పని చేస్తున్నారు. యజమానుల కుటుంబం చాలా కాలం క్రితమే హైదరాబాద్‌లో స్థిరపడింది. సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్లేవారు. పనిలో పెట్టుకున్నప్పుడే పెద్దాయన మండువా వెనుక ఉన్న రెండు గదుల పెంకుటింట్లో కుటుంబంతో సహా ఉండమని చెప్పారు. అద్దె వారు ఎన్నడూ అడగలేదు, మేము ఇవ్వలేదు, కాగితం మీద రాసుకున్నదీ ఏమీ లేదు. చేరినప్పుడు జీతం నెలకు 2,500 రూపాయలు, ఇప్పుడు 7,000.

2018 డిసెంబరులో ఫెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఇంటి పెంకులు సగానికి పైగా లేచిపోయాయి. పెద్దాయన ఫోనులో ‘ముందు నువ్వు వేయించుకో, లెక్క తర్వాత చూసుకుందాం’ అన్నారు. నాన్నగారు అప్పు చేసి రేకులు వేయించి, పక్కనే స్నానాల గది కూడా కట్టించారు. ఆ లెక్క ఇంతవరకూ తేలలేదు.

నిరుడు కార్తీక మాసంలో పెద్దాయన కాలం చేశారు. కుమారులిద్దరూ తోటను అమ్మకానికి పెట్టారు, బేరం కూడా కుదిరిందని వింటున్నాం. పెద్దాయన పోయిన తర్వాత ఎనిమిది నెలలుగా జీతం రాలేదు, అయితే దింపు డబ్బు (చెట్ల నుంచి దింపిన కాయలు అమ్మిన సొమ్ము) మాత్రం ఎప్పటిలాగే వారి ఖాతాకే వెళుతోంది. పోయిన వారం వారి తరఫు మనిషి ఒకరు వచ్చి, పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని, లేకపోతే సామాను బయట పెట్టించి తాళం వేస్తామని చెప్పి, ‘మాకు రావలసిన బాకీలు ఏమీ లేవు, ఇల్లు ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నాము’ అని ముందే టైపు చేయించిన స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నాన్నగారు పెట్టలేదు.

ఊళ్లో ఒకరు పన్నెండేళ్లు దాటింది కనుక ఇల్లు మీదే అంటున్నారు, మరొకరు పంచాయతీలో ఇంటి పన్ను మీ పేరున కట్టేయమంటున్నారు. మా రేషన్ కార్డు, ఆధార్ చిరునామాలు ఈ ఇంటివే. అమ్మ మోకాళ్ల నొప్పులతో నడవలేకపోతోంది, పైగా ఇది వరదల కాలం. చట్టం తెలిసినవారు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పగలరు.

సివిల్ వకీలు (జవాబు):

ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కనుక చేదు సంగతే ముందు చెబుతాను. ఆ ఇంటి మీద మీ నాన్నగారికి హక్కు లేదు, పదిహేడేళ్లు కాదు కదా, ముప్పై ఏళ్లు ఉన్నా రాదు. పన్నెండేళ్ల మాట 1963 నాటి లిమిటేషన్ (కాలపరిమితి) చట్టంలోని 65వ అధికరణం నుంచి ఊళ్లలోకి పాకింది. అయితే అది యజమాని హక్కును కాదని, అతనికి వ్యతిరేకంగా, అందరికీ తెలిసేలా ఆస్తిని తన సొంతమన్నట్టు అనుభవించినవారికి మాత్రమే వర్తిస్తుంది. మీ నాన్నగారు ప్రతి దింపు డబ్బూ యజమానికి పంపిస్తూ, ఆయన ఇచ్చిన అనుమతితో ఆ ఇంట్లో ఉన్నారు. అనుమతితో మొదలైన నివాసం ఏళ్లు గడిచినంత మాత్రాన వ్యతిరేక స్వాధీనంగా మారదు.

2012లో గోవా నుంచి వెళ్లిన మరియా మార్గరీడా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని నేరుగా చెప్పింది. కాపలాదారు, వాచ్‌మన్, సేవకుడు ఎంత కాలం ఉన్నా ఆస్తిలో ఎలాంటి హక్కూ పొందలేరని, యజమాని అడిగిన వెంటనే అప్పగించాలని అందులో ఉంది. ఆ కేసులో ఇంట్లో ఉన్నది యజమానురాలి సొంత సోదరుడు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసింది కూడా అతనే, చివరికి ఓడింది కూడా అతనే. అంతకు ముందు 2003లో రామే గౌడ కేసులోనూ, యజమాని తరఫున సేవకుడిగానో ఏజెంటుగానో ఉన్నవారి ఉనికిని స్వాధీనంగా లెక్కించకూడదని అదే కోర్టు చెప్పింది. కాబట్టి ఇంటి పన్ను మీ పేరున కట్టడం వల్ల లాభం లేకపోగా, మోసపూరిత ఉద్దేశం ఉందన్న ఆరోపణకు మీరే తావిచ్చినట్టవుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

ఇక మీ వైపు ఉన్న సంగతులు. ఇలాంటి నివాసాన్ని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం లైసెన్స్‌గా, అంటే అనుమతిగా చూస్తుంది. ఉద్యోగం కారణంగా ఇచ్చిన అనుమతి ఆ ఉద్యోగం పోగానే రద్దవుతుందని 62వ సెక్షన్ చెబుతోంది, కానీ రద్దయిన తర్వాత వెళ్లిపోవడానికీ, సామాను తీసుకుపోవడానికీ సమంజసమైన గడువు ఇవ్వాలని ఆ వెంటనే 63వ సెక్షన్ చెబుతోంది. ఎన్ని రోజులన్నది చట్టం అంకెల్లో చెప్పలేదు, పరిస్థితిని బట్టి నిర్ణయించాలి. పదిహేడేళ్ల సంసారాన్ని వరదల నెలలో, నడవలేని మనిషితో సహా పదిహేను రోజుల్లో కదిలించమనడం సమంజసం కాదని వాదించడానికి తగినంత బలం ఉంది. ఇల్లు మీది కాకపోయినా మంచం, బీరువా, గిన్నెలు మీవే. వాటిని బయట పారేయడం, పగలగొట్టడం, బెదిరించడం పోలీసు ఫిర్యాదుకు తగిన విషయాలే. మూడవది, కొనుగోలుదారు రాకముందే ఈ వ్యవహారం తేల్చుకోవాలి, ఎందుకంటే అదే చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం పాత యజమాని ఇచ్చిన అనుమతికి కొత్తగా కొన్నవారు కట్టుబడనక్కరలేదు.

స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. డబ్బు చేతికి రాకుండా ‘బాకీలు లేవు’ అనే వాక్యం కింద సంతకం పెట్టవద్దు, వేలిముద్ర అసలే వేయవద్దు.

బోదె గట్టు (జవాబు):

వకీలు గారు చెప్పినది పుస్తకాల ప్రకారం నిజమే కావచ్చు. కానీ లోకం తీరు వేరు. మీ నాన్నగారు కౌలుకో అద్దెకో ఉన్నానని ఒక ఇంజంక్షన్ దావా (ఖాళీ చేయించకుండా ఆపమని కోరే దావా) వేస్తే, దావాలో ఉన్న తోటను కొనేవాడు అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు. అప్పుడు హైదరాబాద్ నుంచి ఇద్దరు కుమారులూ వారంలో దిగివచ్చి, ఐదో పదో లక్షలు చేతిలో పెట్టి వెళతారు. మా వైపు రొయ్యల చెరువుల మకాముల విషయంలో ఇలా జరగడం నేను చూశాను. పేదవాడి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. దాన్ని కూడా వదులుకోమని చెప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సివిల్ వకీలు (జవాబు):

బోదె గట్టు గారి కోపం నాకు అర్థమవుతోంది, అలా డబ్బు రాబట్టినవారు ఉన్నారన్న మాటా కాదనను. అయితే ఆ దావాలో మీ నాన్నగారు ప్రమాణ పత్రం మీద ఏమని రాయాలో ఒక్కసారి ఆలోచించండి. అద్దెకు ఉన్నానంటే అద్దె రసీదు ఏదని అడుగుతారు, కౌలుకు చేశానంటే మక్తా (కౌలు సొమ్ము) ఎంతని అడుగుతారు. దేనికీ జవాబు లేదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. నేను ఉద్యోగిని కాను, అద్దెదారుణ్ణి అని ఒక కోర్టులో రాసి ఇచ్చిన మనిషి, మరుసటి నెల కార్మిక శాఖకు వెళ్లి నేను వారి ఉద్యోగిని, నా జీతం ఇప్పించండి అని ఏ ముఖంతో అడుగుతాడు? అవతలి ప్లీడరు చేయవలసిందల్లా ఆ ప్రమాణ పత్రం నకలు తెచ్చి చూపడమే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుంది. ఓడిపోయే దావా కోసం గెలవగలిగిన క్లెయిమును పోగొట్టుకోవద్దన్నదే నా మాట.

ఆ పైన, యజమానులు ఎదురు దావా వేసి, ఖాళీ చేయమన్న తేదీ నుంచి అనుభవించిన కాలానికి నష్టపరిహారం కూడా అడగవచ్చు. ఇలాంటి దావాలు నడిపి బతికే మధ్యవర్తులు ప్రతి కోర్టు ఆవరణలోనూ ఉంటారు. చివరికి వచ్చిన డబ్బులో వారి వాటా ఎంతో బోదె గట్టు గారికీ తెలిసే ఉంటుంది.

విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి (జవాబు):

జీతం సంగతి నేను చెబుతాను. గౌతమి తీరం గారూ, మీ నాన్నగారి పని ఏమిటన్నది మీ ప్రశ్నలో సరిగా రాలేదు, కానీ అసలు వ్యవహారం దాని మీదే తేలుతుంది. కేవలం ఒకరి నివాస గృహానికి కాపలా ఉండి, ఊడ్చి, దీపం పెట్టే మనిషిని వేతన చట్టాల పరిధిలోకి తీసుకురావడం కష్టం, ఎందుకంటే సొంత ఇల్లు ఒక సంస్థ కాదన్న వాదన వెంటనే వస్తుంది. తోటలో కాయ దింపించి, లెక్క పెట్టించి, అమ్మించే మనిషి పరిస్థితి వేరు. అక్కడ ఉత్పత్తి, అమ్మకం, రాబడి ఉన్నాయి. అందువల్ల ఫిర్యాదులో ‘ఇంటి కాపలాదారు’ అని రాయకుండా, ఆయన ఏ ఏ పనులు చేశారో వివరంగా రాయించండి.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్, 2019 అమలులోకి వచ్చింది. మీరు చెబుతున్న ఎనిమిది నెలలూ ఆ తేదీ తర్వాతవే కనుక పాత చట్టమా కొత్త చట్టమా అన్న తగాదా మీకు లేదు. ఉద్యోగం నుంచి తీసివేసినప్పుడు రావలసిన వేతనమంతా రెండు పనిదినాల్లో చెల్లించాలని 17వ సెక్షన్ చెబుతోంది. క్లెయిము దాఖలు చేయడానికి మూడేళ్ల గడువు ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది 59వ సెక్షన్: జీతం ఇవ్వలేదని ఫిర్యాదు వచ్చినప్పుడు, ఇచ్చానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. కాగితం లేదని భయపడేవారికి ఈ మాట చాలా ధైర్యాన్ని ఇవ్వాలి. మా ఆఫీసులో ఏళ్ల తరబడి నేను చూసింది, కాగితం లేదని చెప్పుకొని గుమ్మం దగ్గరి నుంచే వెనుదిరిగిన మనుషులనే.

ఇక ‘ఇల్లు ఉచితంగా ఇచ్చాం కదా, అందుకే జీతం తక్కువ’ అని వారు తప్పకుండా అంటారు. ఇంటి వసతి విలువ, నీరు, కరెంటు విలువ వేతనంలో భాగం కావని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది, కొత్త కోడ్‌లోని నిర్వచనమూ ఆ వసతులను వేతనం నుంచి మినహాయించింది. ఇల్లు చూపించి జీతం లోటును పూడ్చుకోవడం అంత సులువు కాదు. ఆయన చేసిన పనికి రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన కనీస వేతనం ఎంతో లేబర్ ఆఫీసులో అడిగి, 7,000కీ దానికీ ఉన్న తేడా కూడా లెక్కలో చేర్చండి.

గ్రాట్యుటీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి చోట కనీసం పదిమంది ఉద్యోగులుంటేనే అది వర్తిస్తుంది, మీ తోటలో ఉన్నది ఒక్కరే.

తోట యజమాని, హైదరాబాద్ (జవాబు):

అవతలి వైపు నుంచి ఒక మాట చెప్పడానికి అనుమతించండి. మాకూ రాజోలు దగ్గర కొద్దిపాటి తోట ఉంది, ఆరు నెలలకొకసారి కంటే ఎక్కువగా రాలేము. కాపలాదారుకు ఇచ్చిన ఇల్లు చేతికి తిరిగి రాదేమోనన్న భయం మా తరం యజమానులందరిలోనూ ఉంది. పెద్దలు నోటి మాట మీద పెట్టి వెళ్లిన మనుషులతో మాకు పరిచయం తక్కువ, నమ్మకం ఇంకా తక్కువ. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, పన్ను ఎవరు కడుతున్నారో కూడా తండ్రి పోయిన తర్వాతే తెలుసుకున్న కొడుకులు నా స్నేహితుల్లో చాలామంది ఉన్నారు. పదిహేను రోజుల గడువూ స్టాంపు కాగితమూ ఆ భయంలో నుంచి పుట్టినవే తప్ప, అన్ని చోట్లా దుర్మార్గం నుంచి కాదు.

అయినా ఎనిమిది నెలలు జీతం ఆపి, దింపు డబ్బు తీసుకున్న పద్ధతిని నేను సమర్థించలేను. మా తోటలో పాత కాపలాదారును మార్చవలసి వచ్చినప్పుడు మేము ముందు బాకీ లెక్క చూసి, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యే వరకు గడువిచ్చి, తాళాలు అప్పగించిన రోజున మిగిలిన సొమ్ము ఇచ్చాము. రెండూ ఒకే కాగితం మీద రాసుకున్నాము. మీరు కుమారులతో నేరుగా మాట్లాడగలిగితే ముందుగా ఒకే మాట చెప్పండి: ఇంటి మీద మాకు ఎలాంటి క్లెయిమూ లేదు అని. ఆ వాక్యం వినపడిన తర్వాత వారి స్వరం మారుతుందని నా నమ్మకం. మధ్యలో వచ్చిన మనిషి అమ్మకంలో కమీషన్ తీసుకునేవాడై ఉంటే, మీ జీతం బాకీ సంగతి వారి దాకా చేరి ఉండకపోవచ్చు కూడా.

గౌతమి తీరం (వివరణ, మరో ప్రశ్న):

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి నాన్నగారి పెట్టె తీసి చూశాను. 2011 నుంచి రాసిన దింపు పుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీ ఇలా ఉంది: తేదీ, దింపు మనుషుల సంఖ్య, తూర్పు చెక్క (తోటలో తూర్పు భాగం) ఇంత కాయ, పడమటి చెక్క ఇంత కాయ, ఎలుక కొట్టినవి వేరుగా, ఒలుపు కూలి, లారీ నంబరు, చివరన ‘అయ్యగారికి పంపినది’ అని మొత్తం. కొన్ని పేజీల్లో పెద్దాయన సంక్రాంతికి వచ్చినప్పుడు ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టి పొట్టి సంతకం చేశారు. గత ఐదారేళ్ల జీతం ఫోన్‌పేలో వచ్చింది, ఆ వివరాలు నా ఫోనులోనే ఉన్నాయి. రేకుల కొట్టు బిల్లు ఒకటి దొరికింది, మేస్త్రీ కూలికి మాత్రం ఏమీ లేదు.

నాన్నగారు మొదట ఈ పుస్తకాలు ఎవరికీ చూపించవద్దన్నారు. ఇవి చూపిస్తే మనం కూలివాళ్లమని మనమే ఒప్పుకున్నట్టు కదా, ఇల్లు పూర్తిగా పోతుంది కదా అన్నది ఆయన బాధ. మరొక సంగతి, తోటలో అంతర పంటగా అరటి వేసుకోమని పెద్దాయనే చెప్పారు, దానిలో సగం మాది. ఇప్పుడు గెలలు పక్వానికి రావడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది. ఆ అరటి వల్ల మేము కౌలుదారులం అవుతామా? రేకుల డబ్బు సంగతి ఏమిటి?

సివిల్ వకీలు (జవాబు):

ఆ పుస్తకాల వల్ల ఇల్లు పోతుందన్న మీ నాన్నగారి అనుమానం సగం నిజమే, కానీ ఆ ఇల్లు ఎలాగూ నిలిచేది కాదు. నిలిచేది జీతం, దానికి ఆకుపచ్చ సిరా టిక్కుల కంటే మంచి సాక్ష్యం నేను అడగను. ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టుకోండి, అసలు పుస్తకాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, పెద్దమనుషుల పంచాయితీకి తీసుకువెళ్లినా నకళ్లే తీసుకువెళ్లండి. పెద్దాయన బతికున్న కాలం నాటి బాకీలకు కుమారులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు బాధ్యులు. ఆయన పోయిన తర్వాత దింపు డబ్బు తీసుకుంటూ వచ్చినందున, ఆ ఎనిమిది నెలలకు వారే నేరుగా యజమానులు.

అరటి విషయంలో కౌలుదారీ చట్టం మీకు ఎవరైనా చూపించవచ్చు. కొబ్బరి తోట మొత్తం యజమాని స్వాధీనంలో ఉండి, చెట్ల మధ్య ఖాళీలో జీతగాడు వేసుకున్న నాలుగు వరుసల అరటి వల్ల కౌలు హక్కు పుడుతుందని నేను అనుకోను. ఆ మాట ఎత్తితే ఇందాక చెప్పిన రెండు పడవల ఇబ్బందే మళ్లీ వస్తుంది. అయితే నాటినవారి వాటా పంట వారిదే. గెలల్లో సగం వాటాకు అంచనా కట్టి ఇవ్వమనండి, లేదా కోత వరకు వచ్చి కోసుకునే వీలు ఇవ్వమని రాయించండి.

రేకుల ఖర్చు కొంచెం చిక్కైనది. అనుమతి పొందిన మనిషి ఆ అనుమతిని ఆధారం చేసుకొని తన సొమ్ముతో శాశ్వత నిర్మాణం చేస్తే ఆ అనుమతిని రద్దు చేయలేరని ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, కొందరు ప్లీడర్లు దాన్ని పట్టుకొని మీకు ఆశ పెట్టవచ్చు. ఉద్యోగి తాను ఉంటున్న ఇంటికి చేయించుకున్న మరమ్మతును ఆ మినహాయింపులో ఇమడ్చడం కష్టం. 2018 నాటి ఖర్చుకు ఇప్పుడు విడిగా దావా వేద్దామన్నా మూడేళ్ల కాలపరిమితి అడ్డం వస్తుంది. అందుకే దాన్ని హక్కుగా కాకుండా రాజీ లెక్కలో ఒక అంశంగా పెట్టండి. రేకుల బిల్లు చూపి, మేస్త్రీ కూలికి ఆ మేస్త్రీ చేతనే ఒక చీటీ రాయించండి.

ఇప్పుడు చేయవలసిన పని వరుస ఇది. ముందుగా కుమారులిద్దరి పేరా రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో సహా ఒక ఉత్తరం పంపండి. అందులో ఇంటి మీద హక్కు కోరడం లేదని మొదటి వాక్యంలోనే చెప్పి, ఎనిమిది నెలల జీతం 56,000 రూపాయలు, కనీస వేతనపు తేడా, అరటి వాటా, రేకుల ఖర్చు వరుసగా చూపి, వరదలు తగ్గి ఇల్లు వెతుక్కునే వరకు, అంటే అక్టోబరు ఆఖరు దాకా గడువు అడగండి. ఆ ఉత్తరం నకలుతోనే మీ ప్రాంత అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుకు ఫిర్యాదు ఇవ్వండి. దానితో పాటు అమలాపురం కోర్టులో న్యాయ సేవల విభాగానికి వెళ్లి, దావా లేకుండానే లోక్ అదాలత్‌కు పెట్టమని దరఖాస్తు ఇవ్వండి. దారి తెలియకపోతే 15100 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు. అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కోర్టు ఫీజు ఖర్చూ లేదు. తోట అమ్ముకోవాలన్న తొందరలో ఉన్న కుమారులకు కూడా అంతకంటే శుభ్రమైన కాగితం మరెక్కడా దొరకదు, కాబట్టి వారు వస్తారనే అనుకుంటున్నాను.

ఆ రాజీ కాగితంలో తాళాలు ఇచ్చే తేదీ, సొమ్ము ఖాతాలో పడే తేదీ ఒకటే ఉండేలా చూసుకోండి. ‘తర్వాత పంపిస్తాం’ అన్న మాట ఏ రూపంలో ఉన్నా కొట్టివేయించండి.

విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి (జవాబు):

వకీలు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఫిర్యాదు ఇచ్చిన రోజునే ఆఫీసు ముద్రతో నకలు తీసుకోండి, ‘రేపు రండి’ అంటే నోటి మాటగా వదిలేయవద్దు. నాన్నగారు ఇప్పటికీ తోట పని చేస్తున్నారు కనుక, ఖాళీ చేసే రోజు వరకు దింపు పుస్తకం రాయడం ఆపవద్దని చెప్పండి. పని మానేసి వెళ్లిపోయాడన్న మాటకు అదే జవాబు. కొత్త ఇల్లు దొరికిన తర్వాత రేషన్ కార్డు, ఆధార్, పింఛను వస్తుంటే అది కూడా ఆ ఊరి సచివాలయానికి మార్పించండి. ఈ మార్పు దరఖాస్తు పెట్టినంత మాత్రాన జీతం క్లెయిము దెబ్బతినదు, అందుకు భయపడి పాత చిరునామాను పట్టుకొని ఉండనవసరం లేదు.